సింధు ఒడ్డున సగం చెక్కిన మేక

అమీర్‌పేటలో దిగిన మొదటి రోజు నాకు అన్నం పెట్టిన మనిషిని ఇప్పటికీ ఆంటీ అనే పిలుస్తాను. ఆమె లేడీస్ హాస్టల్ నడుపుతుంది. కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న సందులో, జిరాక్స్ షాపు పక్కన మెట్లున్న ఇల్లు అది. కింద వంటిల్లు, భోజనాల గది. పైన మంచాలు దగ్గరదగ్గరగా వేసిన గదులు. ఆ పైన బట్టలారేసుకునే డాబా. నేను బీఏలో హిస్టరీ చదివాను. దాంతో ఉద్యోగం రాదని ఇంట్లోవాళ్లూ, ఇంటికొచ్చిన చుట్టాలూ తేల్చేస్తే, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు నేర్చుకుందామని తణుకు దగ్గర మా ఊరి నుంచి బస్సెక్కి వచ్చాను. వచ్చినరోజు మధ్యాహ్నం దాటిపోయింది, వంటిల్లు కడిగేశారు. ఆంటీ నా ముఖం చూసి, తనకోసం దాచుకున్న గిన్నెలోంచి అన్నం, టమాట పప్పు పళ్లెంలో పెట్టి, "తిను ముందుగాల, పేరు తర్వాత చెప్పు" అంది.

ఆంటీది సిద్దిపేట వైపు పల్లె. పుట్టింట్లో మేకలు కాసింది. భర్తకు సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో పని దొరికితే ఆయన వెంట హైదరాబాదు వచ్చింది. ఆయన పోయిన తర్వాత, వండిపెట్టడం తప్ప తనకేమీ రాదనుకుని, ఆ వచ్చిన పనితోనే హాస్టల్ మొదలుపెట్టింది. పిల్లలు లేరు. ఎవరైనా ఆ మాటెత్తి జాలిపడబోతే డాబా వైపు చెయ్యి చూపించి, "గా తీగ మీది బట్టలన్నీ ఎవరియి మల్ల?" అని అడిగేది.

ఆమె ప్రేమంతా గదమాయింపులోనే ఉండేది. ఉప్మా వదిలేస్తే తిట్టేది. తల తడిగా ఉండగానే క్లాసుకు పరిగెడితే తిట్టేది. ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు కూడా, వచ్చి చెప్పేదాకా ఆగకుండా ముందే ఫోన్ చెయ్యొచ్చు కదా అని తిట్టి, లోపలికెళ్లి చక్కెర డబ్బా తెచ్చి నా నోట్లో గుప్పెడు పోసింది. నా పెళ్లికి తణుకు వచ్చి, మా అమ్మ కన్నా ముందు లేచి, వంటవాళ్ల దగ్గర నిలబడి పప్పు ఉడికిందో లేదో చూసింది. పెళ్లయ్యాక మేం పంజాగుట్టలో ఫ్లాట్ తీసుకున్నాం. నాకు ఉద్యోగం బేగంపేటలో. ఆదివారం వచ్చిందంటే మెట్రో ఎక్కి హాస్టల్‌కి పోవడం, ఆంటీ ఉల్లిపాయలు తరుగుతుంటే పక్కన కూర్చుని కబుర్లు చెప్పడం నాకు అలవాటైపోయింది.

నాకొక కోరిక ఉండేది. బీఏలో ఉన్నప్పుడు మా మేడం ఒక రోజు క్లాసులో ఒక ఫొటో చూపించారు. లడఖ్‌లో సింధు నది ఒడ్డున ఒక నల్లటి బండ. దాని మీద వెనక్కి వంగిన పొడవాటి కొమ్ములతో మేకలు వరసగా పోతున్నాయి. వాటి వెనక విల్లు పట్టుకున్న మనిషి. ఎవరు చెక్కారు మేడం అని అడిగితే, "తెలియదమ్మా, ఎవరికీ తెలియదు" అన్నారామె. అంతవరకు మేం చదివిన చరిత్ర నిండా రాజుల పేర్లే. ఎవరో తెలియని మనిషి ఒకడు వేల ఏళ్ల కిందట కొండల్లో కూర్చుని మేకను చెక్కాడన్న సంగతి నా మనసులో ఉండిపోయింది. టెస్టింగ్ చేసుకుంటూ, ప్రాజెక్టుల వెంట పరిగెడుతూ కూడా ఆ బండను మర్చిపోలేదు. ఎవరో యాత్రికుడు ఇంటర్నెట్‌లో పెట్టిన ఫొటోల్లో అదే బండ కనబడితే దాన్ని ఫోన్‌లో దాచుకున్నాను.

పోయిన ఏడాది వానాకాలంలో ఎలాగైనా వెళ్దామని నేనూ మావారూ సెలవు పెట్టుకున్నాం. బయల్దేరే ముందు ఆయన ఆఫీసులో పని మీద పడింది, సెలవు రద్దయింది. వాయిదా వేద్దామా అంటే ఆయన కాసేపు ఆలోచించి, "ఆంటీని తీసుకెళ్లు. నేనొచ్చినా హోటల్ గదిలో లాప్‌టాప్ ముందే కూర్చుంటాను. ఆవిడైతే నీతో కొండెక్కుతారు" అన్నారు.

ఆంటీ వంటిల్లు వదిలి వస్తుందని నాకు నమ్మకం లేదు. అయినా ఆ ఆదివారం అడిగాను. ఆమె చెయ్యి ఆపకుండానే కాదంది. ఈ పోరిలకు అన్నం ఎవరు పెడతారు, పాలవాడికి ఎవరు తలుపు తీస్తారు, నీళ్ల మోటరు ఎవరు వేస్తారు అని వరసగా అడిగింది. ఊరికే చూడమని ఫోన్‌లో ఆ ఫొటో తీసి ఆమె ముందు పెట్టాను. కొంగుతో చెయ్యి తుడుచుకుని ఫోన్ అందుకుంది. వేళ్లతో పెద్దది చేసి చూపించాను.

"గివి మేకలే గదా" అంది.

అవునన్నాను.

"మేం సుత గీసేటోళ్లం బిడ్డా. మేకలు మేస్తుంటె ఊకె కూసుండి ఏంజేస్తం? కంకర్రాయి దీస్కోని బండ మీద గీసేది. వానకొడితె పోయేటియి." మళ్లీ ఫోన్ వైపు వంగి చూసింది. "గివి పోలేదా?"

వేల ఏళ్లుగా పోలేదని చెప్పాను. ఆమె పొయ్యి మీద కూర కలిపి, మంట తగ్గించి, మూత పెట్టింది. తర్వాత నా వైపు చూడకుండానే, చలి ఎక్కువుంటదా అని అడిగింది.

ఆ మాట భోజనాల గదిలో ఉన్న అమ్మాయిల చెవిన పడింది. వంట మేం చేసుకుంటామని వాళ్లు ఆంటీ మీద పడ్డారు. రొట్టెలు చేయడానికి వచ్చే ఆమె ఎలాగూ ఉంది, అన్నం కుక్కర్లో పెడితే అదే ఉడుకుతుంది, భయమెందుకు అన్నారు. పప్పులో చింతపండు పడాలా వద్దా అని కరీంనగర్ పిల్లకూ గుంటూరు పిల్లకూ అప్పుడే తగువు మొదలైంది. ఆంటీ వాళ్లిద్దర్నీ చూసి నవ్వి, నేను లేకపోతే మీరు ఒకళ్లనొకళ్లు వండుకుంటరు అంది. అయినా ఒప్పుకుంది.

బయట ముసురు పట్టి ఉండగా అమీర్‌పేట షాపుల్లో ఆంటీ కోసం స్వెట్టర్ వెతికాం. షాపతను మమ్మల్ని విచిత్రంగా చూశాడు. బూట్లు ఆమె ఎప్పుడూ వేసుకోలేదు. హాస్టల్ వరండాలో అటూఇటూ నడిచి అలవాటు చేసుకుంటుంటే అమ్మాయిలు మంచాల మీంచి లేచొచ్చి చప్పట్లు కొట్టారు. ఆమె బ్యాగులో బట్టలకన్నా చింతపండు, మిరియాల పొడి, కారప్పొడి, బియ్యం ఎక్కువున్నాయి. అక్కడ అన్నం దొరుకుతుందని చెప్పినా వినలేదు. దొరికేది వేరు, తినేది వేరు అంది.

ఢిల్లీ నుంచి లేహ్‌కి పోయే విమానంలో కిటికీ పక్క సీటు ఆమెకిచ్చాను. మంచు కొండలు వచ్చినప్పుడు ఏదైనా అంటుందేమో అని చూశాను. చాలాసేపు చూసి, "ఇంత జాగ ఉన్నది, ఒక్క ఇల్లు సుత లేదేంది" అని మాత్రం అంది. హాస్టల్లో ఒక్కో గదికి ఎన్ని మంచాలు పడతాయో లెక్కేసుకునే మనిషి కదా అని నవ్వుకున్నాను.

ఎత్తైన ప్రాంతం కాబట్టి ఆంటీకి ఎక్కడ ఊపిరి అందకుండా పోతుందో అని భయపడి, బయల్దేరే ముందు డాక్టరుకు చూపించాను. దిగాక రెండు రోజులు కదలకుండా పడుకోవాలని ఆయన చెప్పిన జాగ్రత్తలన్నీ ఆమెకు అప్పజెప్పాను. తీరా దిగాక పడిపోయింది నేను. తల పగిలిపోయేంత నొప్పి, వాంతులు, మంచం మీంచి లేస్తే గది తిరిగేది. ఆంటీ మాత్రం వచ్చిన సాయంత్రానికే గెస్ట్‌హౌస్ వాళ్ల వంటింట్లో ఉంది. ఆ ఇంటావిడకు తెలుగు రాదు, ఈమెకు లడఖీ రాదు. ఇద్దరికీ వచ్చిన కాస్త హిందీతో స్నేహం కలిపేసుకున్నారు. మిరియాల చారు వాసన మెట్ల మీంచి నా గదిలోకి వస్తుంటే కళ్లు మూసుకుని అమీర్‌పేటలోనే ఉన్నాననుకున్నాను. అన్నం మాత్రం ఆమెను ఏడిపించింది. "ఈడ నీళ్లు మస్తు తొందరగ మసుల్తున్నయ్ గని అన్నం ఉడుకుతలేదు" అని గిన్నె తెచ్చి చూపించింది. చివరికి ఆ ఇంటివాళ్ల కుక్కరుతో రాజీపడింది.

నాకు తల కొంచెం తేలికపడే వరకు ఆమె మంచం పక్క నుంచి లేవలేదు. నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ, కాళ్లు నొక్కుతూ కూర్చుంది. వద్దంటే ఊరుకోలేదు.

"హాస్టల్ల నీకు జరమొచ్చి పండుకున్నప్పుడు నీ దగ్గర కూసుందామని మస్తు అనుకున్న. కూసుండనిచ్చిన్రా? పొయ్యి మీద అన్నమాయె, తలుపు కాడ పాలాయనాయె. ఇప్పుడు నన్ను పిలిచేటోళ్లు లేరు. కూసుంట" అంది.

ఆ జ్వరం నాకు గుర్తే లేదు. ఆమె గుర్తుపెట్టుకుంది.

నేను లేచి తిరగగలిగాక, బండ దగ్గరికి తీసుకుపోవడానికి కారు మాట్లాడుకున్నాం. డ్రైవరు యాభై దాటిన లడఖీ మనిషి. నెమ్మదస్తుడు. ఫొటో చూపిస్తే వెంటనే గుర్తుపట్టాడు. అంతకుముందు వేసవిలో కూడా అక్కడికి యాత్రికులను తీసుకుపోయానని చెప్పాడు. ఆంటీని 'అమాలే' అని పిలిచాడు. అమ్మగారూ అని అర్థమట. ఆమెకు ఆ పిలుపు నచ్చింది. సనత్‌నగర్ బస్తీలో నేర్చుకున్న హైదరాబాదీ హిందీలో ఆయన్ని భాయ్ అంటూ దారంతా మాట్లాడుతూనే ఉంది. ఆయనకు సగమే అర్థమైనట్టుంది, కానీ ప్రతిదానికీ తలూపాడు.

దారి సింధు వెంటే పోతుంది. నీళ్లు బూడిదరంగులో, బురదగా, వేగంగా పారుతున్నాయి. రెండు వైపులా గడ్డిపరక లేని కొండలు. ఎక్కడో ఒకచోట వాగు కిందికి దిగితే అక్కడ మాత్రం పచ్చగా చిన్న ఊరు, సన్నటి పొడవాటి చెట్లు, బార్లీ చేలు. చాలాచోట్ల రోడ్డు వెడల్పు చేస్తున్నారు. యంత్రాలు కొండను గీకుతున్నాయి. దుమ్ము వస్తుంటే అద్దాలెత్తుకున్నాం.

ఒక మలుపు దగ్గర ఆయన కారు ఆపి దిగాడు. అటూఇటూ నడిచాడు. నేనూ ఫోన్ పట్టుకుని దిగాను. ఫొటోలో ఉన్న నది వంపు ఎదురుగానే ఉంది. అవతలి ఒడ్డున చెట్ల వరస కూడా ఉంది. బండ లేదు. అది ఉండాల్సిన చోట కొత్తగా చదును చేసిన రోడ్డు అంచు, దాని కింద నది దాకా దొర్లించిన రాళ్ల గుట్ట. ఆయన వెళ్లి అక్కడ పనిచేస్తున్న వాళ్లను అడిగాడు. వాళ్లు వేరే రాష్ట్రాల నుంచి వచ్చి కొద్ది రోజులే అయింది, వాళ్లకేం తెలుసు. తిరిగొచ్చి నా ముందు తలదించుకుని నిలబడ్డాడు. తనే ఏదో తప్పు చేసినట్టు, పోయిన సీజన్‌లో ఇక్కడే ఉంది మేడం అని మళ్లీ మళ్లీ అన్నాడు.

నేను రోడ్డు పక్కన ఒక రాయి మీద కూర్చుండిపోయాను. కోపం కూడా రాలేదు. వేల ఏళ్లు నిలబడ్డది, నేను వచ్చేదాకా ఇంకొక్క ఏడాది నిలబడలేకపోయిందా అనిపించి కన్నీళ్లొచ్చాయి. ఆంటీ నా దగ్గరికి రాలేదు. కొత్త బూట్లతో ఆ రాళ్ల గుట్ట మీద జాగ్రత్తగా నడుస్తూ, ఒక్కో ముక్కా తిప్పి చూస్తోంది. ఒక కొమ్మైనా, ఒక కాలైనా దొరుకుతుందేమో అని. ఏమీ దొరకలేదు. అప్పుడొచ్చి నా చెయ్యి పట్టుకుని లేపింది.

"లే బిడ్డా. గీ దుమ్ముల కూసోని ఏడిస్తె మల్ల తల నొస్తది. పోదాం పా."

తిరిగి లేహ్ దారి పట్టాం. కొంతదూరం పోయాక రోడ్డుకు పైన ఒక చిన్న ఊరు వచ్చింది. గోడల మీంచి పసుపుపచ్చ కాయలతో కొమ్మలు బయటికి వంగి ఉన్నాయి. అవేం కాయలని ఆంటీ అడిగితే, డ్రైవరు ఖుబానీ అన్నాడు, అంటే ఆప్రికాట్. ఆమె సీట్లో ముందుకు జరిగింది. హైదరాబాదులో పెళ్లిళ్లలో గిన్నెల కొద్దీ ఖుబానీ కా మీఠా తిన్నదే గాని, ఆ పండు చెట్టుకు ఉండగా చూడలేదు. ఆపమంది. నాకు ఓపిక లేదు, గదికి పోయి పడుకుంటే చాలనిపిస్తోంది. అయినా ఆమె దిగిపోయింది కాబట్టి వెంట దిగాను.

మొదటి ఇంట్లోనే ఒక ముసలావిడ ఉంది. జుట్టు రెండు జడలుగా అల్లుకుని, పొడవాటి నల్లటి అంగీ వేసుకుని, ఇంటి వెనక ఒక పెద్ద వాలు బండ మీద ఖుబానీలు ఆరబోస్తోంది. మమ్మల్ని చూసి "జూలే" అంది. నమస్కారానికి వాళ్లు వాడే మాట అది. ఆంటీ కూడా జూలే అని, పక్కనే చతికిలబడింది. ఆవిడ రెండు చేతుల నిండా పండ్లు తీసి ఇచ్చింది. ఆంటీ తింటూ, తనకు వచ్చిన తెలుగులో, మా దగ్గర ఇవి ఎండినవే దొరుకుతాయి, పాకం పట్టి మీద మీగడ వేస్తారు అని చెబుతోంది. ఆవిడ లడఖీలో ఏదో చెబుతోంది. ఇద్దరూ ఒకరి మాటకు ఒకరు నవ్వుకుంటున్నారు. నేను గోడకు చేరగిలబడి చూస్తూ నిలబడ్డాను.

కాసేపటికి ఆంటీ చేతులు ఊరుకోలేదు. మిరపకాయలు తిరగేసినట్టు ఆ పండ్లను తిరగేయడం మొదలుపెట్టింది. ఒక అంచున ఉన్నవాటిని దగ్గరికి తోసింది. తోసి, చెయ్యి అలాగే ఉంచి ఆగిపోయింది.

"బిడ్డా," అంది మెల్లగా. "జర గిటు రా."

బండ మీద, ఆమె చెయ్యి పక్కన, ఒక కొమ్ము ఉంది.

నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. ముసలావిడ మా ఇద్దరి ముఖాలు చూసి, ఇందుకా అన్నట్టు నవ్వి, తనే పండ్లన్నీ గంపలోకి ఎత్తేసింది. కిందంతా మేకలే. ఎండకు గాలికి ముదురు గోధుమరంగు తేలిన బండ మీద, మరో రాయితో పొడిచి పొడిచి చేసిన బొమ్మలు. పొడిచినచోట లోపలి లేత రంగు బయటపడింది. కొన్ని బొమ్మలు ఎంత పాతవంటే ఆ లేత రంగు కూడా మళ్లీ నల్లబడి, పక్క నుంచి వంగి చూస్తేగాని కనబడడం లేదు. వెనక్కి వంగిన కొమ్ములు, సన్నటి కాళ్లు, పైకి లేచిన తోకలు. ఒకచోట ఎవరిదో అరచెయ్యి. నేను తాకలేదు. తాకకూడదని తెలుసు. చెయ్యి మాత్రం దానికి కాస్త ఎత్తులో పట్టుకుని చూసుకున్నాను. నా చెయ్యంతే ఉంది.

డ్రైవరు వచ్చి ఆవిడతో మాట్లాడి మాకు చెప్పాడు. ఆవిడ అత్తగారు కూడా ఈ బండ మీదే ఖుబానీలు ఎండబెట్టేదట. ఆ ఇంటి పిల్లలు ఈ మేకల మీద వేలు పెట్టుకునే లెక్కపెట్టడం నేర్చుకున్నారట. చూడ్డానికి ఎవరైనా వస్తారా అని అడిగిస్తే, ఎందుకొస్తారు, ఇది మా పెరడు కదా అందట.

ఇవి పెంపుడు మేకలు కావని, పై కొండల్లో తిరిగే అడవి మేకలని, వాటిని లడఖీలో స్కిన్ అంటారని డ్రైవరు వివరించాడు. ఆంటీ ఒప్పుకోలేదు. ఒక పెద్ద మేక కింద చిన్నదాన్ని చూపించింది. అది పాలు తాగుతోంది, అడవిది అయితే ఇంత దగ్గరగా ఎవరినైనా చూడనిస్తుందా అని వాదించింది. ఆయన ఆ కొమ్ములు పెంపుడు మేకకు రావని చెప్పి చూశాడు. కొమ్ముల సంగతిలో ఆయన చెప్పిందే నిజమని నాకు తెలుసు. కానీ ఆంటీ ముఖం చూసి నేను ఎటూ మాట్లాడలేదు. చివరికి ఆయనే, ఏమో అమాలే, అయినా అయ్యుండొచ్చు అని వదిలేశాడు.

బండ చివర, గోడ నీడ పడేచోట, ఇంకొక మేక ఉంది. దానికి వీపు ఉంది, ఒక కొమ్ము ఉంది, ముందు కాళ్లు ఉన్నాయి. వెనక భాగంలో గాట్లు విడివిడిగా చుక్కల్లా పడి, అక్కడితో ఆగిపోయాయి. ఆంటీ దాని దగ్గర కూర్చుని చాలాసేపు చూసింది.

"గీయన నడుమల్నే ఇడిసిపెట్టిండు" అంది.

రాయి అరిగిపోయిందేమో, మంచు మొదలైందేమో అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఎవలో పిలిచి ఉంటరు. అన్నం తిందువు రా అనో, మేక తప్పిపోయింది ఉరుకు అనో. మల్లొచ్చి చేద్దామనుకొనే లేసి ఉంటడు." ఆ చుక్కల వైపు ఇంకాస్త వంగింది. "నాకు సుత గట్లనే అయితది. ఏ పని పట్టుకున్నా ఎవలో ఒకలు పిలుస్తరు. పిలిస్తె పోవాలె గదా."

ఫిర్యాదులా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టే చెప్పింది. హాస్టల్లో ఉన్నన్నాళ్లూ ఆంటీ, ఆంటీ అని పైనుంచి ఎన్నిసార్లు కేకేశానో. ఆమె పక్కన కూర్చుని భుజం మీద తల పెట్టుకున్నాను. స్వెట్టర్‌కు మిరియాల పొడి వాసన.

కాసేపయ్యాక ఆమె లేచి, పెరట్లో ఒక గట్టి గులకరాయి ఏరుకుంది. ఆ సగం మేకను పూర్తిచేస్తుందేమోనని ఆపబోయాను. ఆమె దాని జోలికి పోలేదు. గోడ పక్కన పడున్న చిన్న పలకరాయిని ఒళ్లో పెట్టుకుని, దాని మీద పొడవడం మొదలుపెట్టింది. ఆ రాయి లొంగలేదు. టక్కు టక్కుమని ఎంత కొట్టినా తెల్లటి గాటు ఒకటి పడుతుంది, రెండోది దాని పక్కన పడదు. చెమట పట్టింది. ముసలావిడ పగలబడి నవ్వుతూ ఇంకో రాయి తెచ్చిచ్చింది. అటు నుంచి ఆవిడ, ఇటు నుంచి ఈమె వంతులవారీగా కొట్టారు. చివరికి తేలిన మేకకు కొమ్ములు బాగానే వచ్చాయి గాని, పొట్ట కాళ్లకన్నా కిందికి జారింది. ఆంటీ దాన్ని దూరంగా పట్టుకుని చూసి, ఇది కడుపుతో ఉంది అని తేల్చింది. ఆ రాయిని ఆవిడకే ఇచ్చింది. ఆవిడ దాన్ని వంటింటి కిటికీలో నిలబెట్టింది.

ఆ తర్వాత లోపలికి పిలిచి మాకు టీ పోసింది. వెన్న, ఉప్పు వేసి చిలికిన టీ. మొదటి గుక్కకు ఆంటీ కళ్లు పెద్దవయ్యాయి. అయినా ఆవిడ చూస్తుండగా గిన్నె మొత్తం ఖాళీ చేసింది. కారెక్కి తలుపు వేశాక మెల్లగా నా చెవిలో, "చాయ్‌ల ఉప్పేసిండ్రు బిడ్డా, పాపం మర్చిపోయి" అంది. అక్కడ టీ అలాగే చేస్తారని చెబితే, ఆమెకు మొదట నమ్మకం కలగలేదు.

మేం తిరిగి హైదరాబాదు చేరేసరికి హాస్టల్ నిలబడే ఉంది. అమ్మాయిలు ఆంటీకి హారతి ఇవ్వడం ఒక్కటే తక్కువ. ఒక పెద్ద గిన్నె అడుగు మాడ్చేసి, డాబా మీద నీళ్ల ట్యాంకు వెనక దాచారు. ఆంటీ వచ్చిన పూటే దాన్ని పట్టుకుంది. తిట్టింది. తిడుతూనే తెచ్చిన ఎండు ఖుబానీలు అందరికీ పంచింది. భోజనాల దగ్గర లడఖ్ కథ చెప్పింది. ఆ కథలో నేను దిగిన రోజే స్పృహ తప్పిపోయాను. ముసలావిడ తన దూరపు చుట్టంలాగే ఉంది. నేను ఏదీ సరిచేయలేదు. ఆ సగం మేక దగ్గరికి వచ్చేసరికి ఆమె ఎక్కువ మాట్లాడలేదు. పూర్తి కాలేదు, అయినా మంచిగున్నది అని మాత్రం చెప్పింది.

పప్పులో చింతపండు తగువు ఎలా తేలిందో నాకు తెలియదు గాని, ఆదివారం మధ్యాహ్నం వంట మాత్రం అమ్మాయిలే తమ చేతుల్లో పెట్టుకున్నారు. ఆంటీని వంటింట్లోకి రానివ్వరు. దాంతో నేను హాస్టల్‌కి పోవడం మానేశాను, ఆమే పంజాగుట్టకు రావడం మొదలుపెట్టింది. మొదట్లో మా సోఫాలో కుదురుగా కూర్చోలేకపోయేది. స్టవ్ ఆపారా, మోటరు బంద్ చేశారా అని ఫోన్ల మీద ఫోన్లు. తర్వాత తర్వాత ఫోన్లు తగ్గాయి. ఇప్పుడు తిని, ముందు గదిలో చాప వేసుకుని, కిటికీ కింద నిద్రపోతుంది. ఆ సమయంలో మావారు టీవీ సౌండ్ పెట్టరు.

చలికాలం చివర ఆంటీకి లడఖ్ నుంచి ఫోన్ వచ్చింది, ఆ డ్రైవరు దగ్గర్నుంచి. తన కూతురు డిగ్రీ అయిపోయి కంప్యూటర్ కోర్సు చేస్తానంటోందని, అమీర్‌పేట పేరు ఎవరో చెప్పారని, అమాలే ఉన్న ఊరు అదే కదా అని అడిగాడట. ఆంటీ నాకు ఫోన్ చేసి విషయం చెప్పినప్పుడు ఆమె గొంతులో ఎన్నడూ వినని హడావుడి. ఏ గది ఇవ్వాలి, కిటికీ పక్క మంచమైతే చల్లగాలి తగులుతుందా, ఆ పిల్ల కారం తింటుందా. ఎయిర్‌పోర్టుకు ఇద్దరం వెళ్లాం. సన్నగా, ఎర్రటి బుగ్గలతో వచ్చిన ఆ పిల్ల ఆంటీని చూడగానే వంగి జూలే అంది. ఆంటీ ఆమె చేతిలో బ్యాగు లాక్కుని, ముందు ఏం తిన్నావని హిందీలో నిలదీసింది.

ఆ పిల్ల వచ్చి ఇప్పుడు చాలా నెలలైంది. ఎండాకాలమంతా తడి తువాలు మెడ చుట్టూ కట్టుకుని క్లాసులకు పోయింది. కోర్సు పూర్తయి, ఒక చిన్న కంపెనీలో చేరింది. హాస్టల్ మాత్రం వదల్లేదు. తెలుగు ఆంటీ దగ్గరే నేర్చుకుంది కాబట్టి ఆమెకు వచ్చింది సిద్దిపేట తెలుగే. పోయిన ఆదివారం ఆంటీ వెంట మా ఇంటికి భోజనానికి వచ్చింది. మావారిదీ మా గోదావరి జిల్లానే, వడ్డించేటప్పుడు ఆయనకు మొహమాటపు మర్యాదలెక్కువ. కొంచెం పప్పు వేసుకుంటారా అండి అని ఆయన హిందీలో కూడబలుక్కుంటుంటే, ఆ పిల్ల పళ్లెం ముందుకు చాపి, "గింత పప్పు ఏమైతది అన్నా, జర మంచిగ ఎయ్యి" అంది.

ఆయన గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఆంటీ అన్నం కలుపుకుంటూ, నేర్పింది నేనే అన్నట్టు మా అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూసింది.